ఎనిమిదిలో నాలుగు

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను అమెరికా దక్షిణ తీరాన్ని తాకింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున రిఫైనరీలు మూతపడ్డాయి, పైపులైన్లు ఆగిపోయాయి, వారం తిరిగేసరికి ఆ దేశంలో గ్యాలన్ పెట్రోలు సగటు ధర మూడు డాలర్లు దాటింది. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. మనకది చవకే అనిపిస్తుంది గానీ, బంకు బోర్డు మీద ఆ అంకెను అమెరికా వాళ్లు అంతకుముందు చూసి ఎరుగరు. టీవీలన్నీ పెట్రోలు ధర గురించే హోరెత్తుతుంటే, నాలుగైదు నెలలకే జనరల్ మోటార్స్ తన కొత్త షెవర్లే టాహోను షోరూముల్లోకి దించింది. ఐదు మీటర్లు దాటిన పొడవు, రెండున్నర టన్నులకు కాస్త అటూ ఇటూగా బరువు, 5.3 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను. మన ఊళ్లలో దారి ఇప్పించుకుని మరీ వెళ్లే ఫార్చ్యూనర్ దీనికన్నా ఒక అడుగు పొట్టి.

ధరలు ఇలా మండుతుంటే ఇంత పెద్ద బండిని దింపడమేమిటని అప్పట్లో అడగని పత్రిక లేదు. ఆ ప్రశ్నకు జవాబును ఆర్థిక నిపుణులు కంపెనీ లెక్కల పుస్తకాల్లో వెతికారు. నేను బానెట్ ఎత్తి వెతుకుతాను. ఎందుకంటే ఆ బండిని తయారుచేసిన ఇంజనీర్లు అదే ప్రశ్నను అందరికన్నా ముందే వేసుకున్నారు. వాళ్ల జవాబు ఇనుములో, అల్యూమినియంలో, ఇంజను ఆయిల్ నడిచే సన్నని కాలవల్లో ఉంది.

ముందు ఒక సంగతి. కొత్త మోడల్ తయారీకి నాలుగైదేళ్లు పడుతుంది. అచ్చులు పోయాలి, ఫ్యాక్టరీలో లైన్లు మార్చాలి, విడిభాగాలు చేసే వాళ్లతో ఒప్పందాలు కుదరాలి. పెట్రోలు ధర మారడానికి ఒక్క తుఫాను చాలు. కాబట్టి 2006 జనవరిలో వచ్చిన బండికి పెట్టుబడి నిర్ణయాలు జరిగింది పెట్రోలు చవకగా ఉన్న రోజుల్లో. అయితే జనరల్ మోటార్స్ అంతటితో ఆగలేదు. 2005 మొదట్లో వేరే కార్ల ప్రాజెక్టులను వెనక్కి నెట్టి, జీఎంటీ900 అని లోపల పిలుచుకునే ఈ పెద్ద బండ్ల కుటుంబాన్ని ముందుకు జరిపింది. ఆ ఒక్క ఏడాదే కంపెనీకి 1,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. చిన్న కార్ల మీద మిగిలేది నామమాత్రం, పెద్ద ఎస్‌యూవీ ఒక్కోదాని మీద మిగిలేది వేల డాలర్లు. అందుకే కంపెనీకి అంత తొందర. ఇంజనీర్లకు అందిన పని క్లుప్తంగా ఇది: సైజు తగ్గకూడదు, లాగే బలం తగ్గకూడదు, తాగే పెట్రోలు తగ్గాలి.

పని మొదలైంది గాలితో. పాత టాహో ముందు అద్దం దాదాపు గోడలా నిటారుగా ఉండేది. కొత్తదాన్ని బాగా వెనక్కి వాల్చారు. పాత బండిలో తలుపుల అంచులు పైకప్పు వైపు పైకి తేలి ఉండేవి, కొత్తదానిలో అవి బాడీ పక్కభాగంలోకి ఒదిగి కూర్చున్నాయి. గాలి నిరోధాన్ని కొలిచే గుణకం 0.363కు దిగింది. సెడాన్ కార్ల పక్కన అది గొప్పేమీ కాదు గానీ, ఇంత ఎత్తు, ఇంత వెడల్పు ఉన్న డబ్బాకు మెచ్చుకోవాల్సిన అంకె. తలుపు ఒదిగి కూర్చోవడం వల్ల గాలి రొద తగ్గింది, లోపల మాటలు వినపడ్డాయి. రెండు రేకుల మధ్య సందు ఎంత సన్నగా, ఎంత సమానంగా ఉందో చూసి బండి నాణ్యతను అంచనా వేసే వాళ్లుంటారు. అమెరికన్ ట్రక్కుల మీద అంతవరకూ వాళ్లకు చిన్నచూపే. ఈ బండి బానెట్‌కూ, ఫెండర్‌కూ మధ్య గీతను చూశాక ఆ చిన్నచూపు కాస్త తగ్గించారు. లోపల డ్యాష్‌బోర్డు కూడా అంతే. పాతదానిలో చేతికి గరుకుగా తగిలే ప్లాస్టిక్ పోయి, కారులో కూర్చున్నట్టే అనిపించింది.

కింద ఛాసిస్ పూర్తిగా కొత్తది. ఉక్కు గొట్టాన్ని అచ్చులో పెట్టి, లోపలికి నీటిని మహా ఒత్తిడితో పంపితే గొట్టం ఉబ్బి అచ్చు ఆకారం తీసుకుంటుంది. దీన్ని హైడ్రోఫార్మింగ్ అంటారు. రేకులను వంచి వెల్డింగ్ చేసిన దానికన్నా ఇలా చేసిన ఫ్రేమ్ మెలికపడటం తక్కువ. ఫ్రేమ్ మెలికపడకపోతే సస్పెన్షన్ తన పని తాను చేసుకుంటుంది. ముందు చక్రాలకు టార్షన్ బార్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. స్టీరింగుకు కార్లలో ఉండే ర్యాక్ అండ్ పినియన్ వచ్చింది. తిప్పితే బండి ఒక క్షణం ఆలోచించి తిరిగే పాత అలవాటు పోయింది.

వెనక యాక్సిల్ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. పోటీగా ఉన్న ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్‌కు 2003 నుంచే వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉంది. దానివల్ల నేల కిందికి దిగి, మూడో వరుస సీటు మడిచితే చదునుగా నేలలో కలిసిపోయేది. టాహోలో పాత పద్ధతిలో రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క యాక్సిల్‌నే ఉంచారు. బరువులు లాగడానికి గట్టిది, ఖర్చు తక్కువ. కానీ అది కదలడానికి పైన చోటు కావాలి, కాబట్టి నేల ఎత్తుగా ఉంటుంది, మూడో వరుస సీట్లను మడవడంతో పని జరగదు, ఊడదీసి ఇంట్లో పెట్టుకోవాలి. ఆ సీట్లు నిలబెట్టి ఉంచితే వెనక మిగిలే చోటు 480 లీటర్లు, అంటే ఒక మామూలు సెడాన్ డిక్కీ అంత. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఈ బండిని డాలస్ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లిన మన వాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలు, అటు పిల్లలు. ఐదు మీటర్ల బండిలో పెట్టెలు పెట్టడానికి చోటు లేకపోవడం పనితనంలో లోపమే. దాన్ని కప్పిపుచ్చి చెప్పడం నాకిష్టం లేదు.

ఇక ఇంజను. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి.

హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోయే టాహోకు కావలసిన శక్తి ముప్పై నలభై హార్స్‌పవర్. ఇంజను ఇవ్వగలిగింది 320. మిగిలినదంతా కొండ ఎక్కడానికో, పడవను లాగడానికో, ఓవర్‌టేక్ చేయడానికో పనికొస్తుంది. మామూలు వేళ పెట్రోలు ఇంజను తన శక్తిని ఎలా తగ్గించుకుంటుంది? థ్రాటిల్ మూసి గాలిని బిగపట్టడం ద్వారా. ముక్కు సగం మూసుకుని ఊపిరి తీయడానికి ప్రయత్నిస్తే ఛాతీకి ఎంత శ్రమో, ఆ సమయంలో ఎనిమిది పిస్టన్లకూ అంత శ్రమ. గాలి లోపలికి లాగడానికే కొంత పెట్రోలు ఖర్చవుతుంది. ఇంజను ఎంత పెద్దదైతే, పని ఎంత తేలికైతే, ఈ దండగ అంత ఎక్కువ.

నాలుగు సిలిండర్లను ఆపేస్తే మిగిలిన నాలుగూ రెట్టింపు పని చేయాలి, కాబట్టి వాటికి థ్రాటిల్ బాగా తెరవవచ్చు. ఊపిరి సులువవుతుంది. ఆలోచన ఇంతే. ఆచరణ మాత్రం అంత తేలిక కాదని ఈ కంపెనీకే బాగా తెలుసు. 1981లో క్యాడిలాక్ కార్లకు ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడిచే ఇంజను పెట్టి పరువు పోగొట్టుకుంది. ఆనాటి కంప్యూటర్లు అంత వేగంగా నిర్ణయాలు తీసుకోలేకపోయాయి, బండి కుదుపులిచ్చింది, మెకానిక్కులు వైర్లు పీకేసి ఎనిమిదింటితోనే నడిపించారు. దాదాపు పాతికేళ్లకు అదే ఆలోచన ‘యాక్టివ్ ఫ్యూయల్ మేనేజ్‌మెంట్’ అన్న పేరుతో టాహోలోకి వచ్చింది.

పనిచేసే తీరు చూడండి. ఈ వీ8లో సిలిండర్లు మండే వరుస 1-8-7-2-6-5-4-3. ఇందులో ఒకటి విడిచి ఒకటి ఆపుతారు: 1, 7, 6, 4. అప్పుడు 8, 2, 5, 3 సమానమైన వ్యవధిలో మండుతూ ఉంటాయి, ఇంజను కుంటదు. ఆగే నాలుగు సిలిండర్లకు మాత్రమే ప్రత్యేకమైన లిఫ్టర్లు. క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు లిఫ్టర్‌ను పైకి నెడితే, లిఫ్టర్ పుష్‌రాడ్‌ను నెడుతుంది, పుష్‌రాడ్ వాల్వును తెరుస్తుంది. ఈ ప్రత్యేక లిఫ్టర్ ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కలు. మధ్యలో చిన్న పిన్ను వాటిని బిగించి ఉంచుతుంది. కంప్యూటర్ చెప్పగానే ఒక సోలనాయిడ్ తెరుచుకుని, ఇంజను ఆయిల్ ఒత్తిడితో వచ్చి ఆ పిన్నును లోపలికి తోస్తుంది. ఇక క్యామ్ ఎంత నెట్టినా బయటి ముక్క లోపలి ముక్క మీదుగా జారుతుందే తప్ప పుష్‌రాడ్ కదలదు. వాల్వులు మూసే ఉంటాయి. పిన్ను కదలడానికి వీలైన సమయం లిఫ్టర్ మీద బరువు లేని క్షణం ఒక్కటే, అంటే క్యామ్ గుండ్రటి వైపు తిరిగినప్పుడు. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే ఇంజనులో ఆ క్షణాన్ని పట్టుకోవాలి, అదీ నాలుగు సిలిండర్లకూ వరుస తప్పకుండా.

ఆపే ముందు ఆ సిలిండర్‌లో కాలిన వాయువును బయటికి పోనివ్వకుండా బంధిస్తారు. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు దాన్ని నొక్కుతుంది, కిందికి దిగేటప్పుడు అది పిస్టన్‌ను తిరిగి నెడుతుంది. ఖర్చుపెట్టిన శక్తి చాలావరకు తిరిగొస్తుంది. వ్యర్థమైన పొగను స్ప్రింగుగా వాడుకోవడం నాకు ఈ ఇంజను మొత్తంలోకీ అందమైన ఆలోచనగా కనిపిస్తుంది.

మరో సంగతి. ఒకే క్యామ్‌షాఫ్ట్, పుష్‌రాడ్లు అనే ఈ అమరిక 1955 నాటి షెవర్లే వీ8 నుంచి వస్తున్నది. జపాన్, జర్మనీ కంపెనీలు సిలిండర్ల పైన నాలుగు క్యామ్‌షాఫ్టులు పెడుతుంటే అమెరికా వాళ్లు ఇంకా పాత చింతకాయ పచ్చడే తింటున్నారని వెక్కిరింపు ఉండేది. కానీ ఆ పాత అమరికలో ఎనిమిది సిలిండర్ల లిఫ్టర్లూ వీ ఆకారం మధ్య లోయలో ఒక్కచోటే ఉంటాయి. సోలనాయిడ్లు, వాటి ఆయిల్ దారులు ఉన్న ఒక్క పలకను ఆ లోయ మీద మూతలా బిగిస్తే సరిపోయింది. నాలుగు క్యామ్‌షాఫ్టులున్న ఇంజనులో ఇదే పనికి ఎన్నో చోట్ల కొత్త యంత్రాంగం కావాలి. పాతదని తీసిపారేయకుండా ఉంచుకున్నందుకు దక్కిన ఫలితం ఇది.

ఇన్ని చేసినా ఇంధనంలో మిగిలింది పది శాతం లోపే. దాని వెనకే కొన్ని ఇబ్బందులూ వచ్చాయి. ఏళ్లు గడిచాక కొన్ని ఇంజన్లు ఆయిల్ ఎక్కువ తాగుతున్నాయని, ఆ ప్రత్యేక లిఫ్టర్లు పట్టేస్తున్నాయని యజమానులు ఫిర్యాదు చేశారు. నాలుగు సిలిండర్లు ఆగకుండా అడ్డుకునే చిన్న పరికరాలు కూడా బజారులోకి వచ్చాయి. ఆయిల్‌నే కబురు మోసే దూతగా వాడుకున్న యంత్రంలో ఆయిల్ మార్చడం ఆలస్యమైతే ఏమవుతుందో ఊహించవచ్చు.

అసలైన సాహసం రెండేళ్లకు వచ్చింది. 2007 నవంబరులో లాస్ ఏంజెలెస్ ఆటో షోలో ‘గ్రీన్ కార్ ఆఫ్ ద ఇయర్’ అవార్డు టాహో హైబ్రిడ్‌కు ఇచ్చారు. జనం నవ్వారు. ఒంటి నిండా ‘హైబ్రిడ్’ అని పెద్ద అక్షరాలు అంటించుకుని తిరిగే రెండున్నర టన్నుల బండికి పచ్చదనం అవార్డా అని. ఆ అక్షరాలకు నేనూ నవ్వుతాను. గేర్‌బాక్సుకు మాత్రం నవ్వలేను.

దాని మూలం సిటీ బస్సుల్లో ఉంది. అప్పట్లో జనరల్ మోటార్స్‌కు చెందిన ఆలిసన్ విభాగం బస్సుల కోసం చేసిన హైబ్రిడ్ వ్యవస్థ సియాటిల్ వీధుల్లో అప్పటికే తిరుగుతోంది. దాన్ని కుదించి ఎస్‌యూవీలో పట్టించే పనిలో డైమ్లర్‌క్రైస్లర్, బీఎండబ్ల్యూ కూడా చేయి కలిపాయి. టయోటా ప్రియస్‌లోని హైబ్రిడ్ చిన్న కారుకు భేషుగ్గా సరిపోతుంది. కానీ దానిలో ఇంజను శక్తిలో కొంత భాగం ఎప్పుడూ విద్యుత్తుగా మారి తిరిగి మోటారు ద్వారా చక్రాలకు చేరాలి. రెండున్నర టన్నుల బండి వెనక మరో రెండున్నర టన్నుల ట్రెయిలర్‌ను అలా లాగాలంటే ఆ మోటార్లు రాక్షసంగా పెరగాలి. ఇక్కడి ఇంజనీర్లు రెండు మోటార్లు, మూడు ప్లానెటరీ గేర్ సెట్లు, నాలుగు క్లచ్‌లు ఒక్క డబ్బాలో సర్దారు. ఊళ్లో మెల్లగా తిరిగేటప్పుడు ఒక పద్ధతి, హైవే మీద మరో పద్ధతి. వీటికి తోడు నాలుగు స్థిరమైన గేర్లు. బరువు పడినప్పుడు క్లచ్‌లు బిగుసుకుని ఇంజను శక్తి నేరుగా ఇనుము మీదుగా చక్రాలకు చేరుతుంది, విద్యుత్తు దారి తప్పుకుంటుంది. అందువల్ల మోటార్లు ఒక్కోటి 60 కిలోవాట్లకే పరిమితమయ్యాయి. వీటన్నిటినీ మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సు పట్టే చోటులోనే ఇరికించారు. ఛాసిస్ కోయాల్సిన పని పడలేదు.

300 వోల్టుల బ్యాటరీ రెండో వరుస సీటు కింద దాగింది, మనుషుల చోటు పోలేదు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయినా ఏసీ ఆగకూడదు కాబట్టి కంప్రెసర్‌ను బెల్టు నుంచి తప్పించి విద్యుత్తుతో నడిపారు. టెక్సస్ ఎండల్లో ఈ ఒక్కటి లేకపోయినా బండిని ఎవరూ కొనరు. గంటకు నలభై కిలోమీటర్ల దాకా బండి బ్యాటరీతోనే కదలగలదు. హైబ్రిడ్ సామగ్రి తెచ్చిన బరువులో కొంతైనా దించడానికి బానెట్, వెనక తలుపు అల్యూమినియంతో చేశారు. సీట్లు పలచబరిచారు. స్టెప్నీ తీసేసి పంక్చరైతే గాలి నింపుకునే కిట్ ఇచ్చారు. కాలు పెట్టి ఎక్కే పక్క మెట్లను కూడా గాలికి అడ్డం రాకుండా చెక్కారు.

ఫలితం అంకెల్లో: అమెరికా ప్రభుత్వ పరీక్షలో మామూలు టాహో ఊళ్లో గ్యాలన్‌కు 14 మైళ్లు, హైబ్రిడ్ 21 మైళ్లు. మన లెక్కలో లీటరుకు ఆరు కిలోమీటర్ల నుంచి తొమ్మిదికి. ఆనాటి నాలుగు సిలిండర్ల టయోటా క్యామ్రీకి ఊళ్లో వచ్చిన మైలేజీ కూడా అదే 21.

లీటరుకు తొమ్మిదా అని పెదవి విరిచే ముందు చిన్న లెక్క. ఏడాదికి 15,000 కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగే వాడు ఆరు మైలేజీ బండిలో 2,500 లీటర్లు పోయిస్తాడు. తొమ్మిదికి మారితే 1,667. మిగిలింది 833 లీటర్లు. చిన్న కారులో 15 నుంచి 22.5కు, అంటే సరిగ్గా అదే నిష్పత్తిలో మైలేజీ పెంచితే 1,000 లీటర్లు 667 అవుతాయి. మిగిలింది 333. తాగుబోతు బండి దగ్గర చూపిన పనితనం రెండున్నర రెట్లు ఎక్కువ పెట్రోలు మిగిల్చింది. మైలేజీ అంకె మనల్ని ఎలా మోసం చేస్తుందో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ‘సైన్స్’ పత్రికలో ఇదే తరహా లెక్కతో చూపించారు. నవ్విన వాళ్లు ఈ లెక్క చేసి నవ్వితే బాగుండేది.

మరి బండిని దింపడం సరైనదేనా? 2006లో దింపడం సరైనదేనంటాను. అప్పటికే అచ్చులు తయారు, డబ్బు ఖర్చయిపోయింది. కొత్త టాహో రాకపోతే దాని కొనుగోలుదారు ప్రియస్ కొనడు, ఎక్కువ తాగే పాత టాహోనే కొంటాడు. ఆ ఏడాది అమెరికాలో 1,60,000 పైచిలుకు టాహోలు అమ్ముడయ్యాయి, బండి మీద ఆసక్తి ఉందని రుజువైంది. కంపెనీ చేసిన తప్పు మరోచోట ఉంది. హైబ్రిడ్‌ను 50 వేల డాలర్లు దాటిన ధరకు, షోకేసులో పెట్టే బొమ్మలా అమ్మింది. పెట్రోలు ధరకు భయపడి వచ్చిన మధ్యతరగతి వాడికి అందనంత ఎత్తున పెట్టింది. పైగా ఆ భయపడిన వాడికి చూపించడానికి పక్కన మంచి చిన్న కారు ఉంచుకోలేదు. పెద్ద బండి ఉండటం వల్ల నష్టం రాలేదు, పెద్ద బండి తప్ప గతి లేకపోవడం వల్ల వచ్చింది.

2008 జూన్‌లో గ్యాలన్ నాలుగు డాలర్లు దాటింది. అప్పటికే జూన్ 3న కంపెనీ అధినేత రిక్ వాగనర్ నాలుగు ట్రక్కు ఫ్యాక్టరీలు మూసేస్తున్నట్టు ప్రకటించాడు. వాటిలో టాహోలు చేసే విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్ ఒకటి. 1919లో ట్రాక్టర్లతో మొదలైన ఆ ఫ్యాక్టరీ నుంచి డిసెంబరు 23న ఆఖరి టాహో బయటికొచ్చింది. విచిత్రమేమిటంటే ఆ రోజుకు పెట్రోలు రెండు డాలర్ల లోపుకు పడిపోయింది. మరుసటి ఏడాది జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. ఇంజను చేసిన వాళ్ల పనితనం వేల మంది ఉద్యోగాలను కాపాడలేకపోయింది, ఆ బాధ్యతను వాళ్ల మీద పెట్టడమూ న్యాయం కాదు.

హైబ్రిడ్ గేర్‌బాక్సు 2013 మోడల్‌తో ఆగిపోయింది. సిలిండర్లు ఆపే విద్య మాత్రం పెరిగింది. డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ మధ్య, మన వాళ్లు వేలల్లో ఉండే ప్రాంతంలోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో ఇప్పటికీ టాహోలు తయారవుతున్నాయి. 2021 మోడల్ నుంచి వాటి వీ8లో ఎనిమిది సిలిండర్లకూ ప్రత్యేక లిఫ్టర్లు పెట్టారు. కంప్యూటర్ ఏ క్షణాన ఎన్ని కావాలో 17 రకాల వరుసల్లోంచి ఎంచుకుంటుంది. అదే మోడల్‌లో వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ కూడా వచ్చింది, నేల కిందికి దిగింది, మూడో వరుసలో కూర్చున్నాక కూడా వెనక పెట్టెలకు చోటు మిగులుతోంది.